ఒక్క చుక్క కింద పడకుండా

మా సున్నపు వీధిలో మొదట్లో నగర పంచాయతీ ఆఫీసు, చివర పిల్లల అంగన్‌వాడీ, మధ్యలో ముప్ఫైరెండు ఇళ్లు ఉన్నాయి. ఈ ముప్ఫైనాలుగింటికీ ఒక్క మధ్యాహ్నంలో రంగులు పడ్డాయి. ఎవరూ నిచ్చెన వేయలేదు, కుంచె ముంచలేదు, ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఇళ్లలో ఉన్నవాళ్లకు కూడా తెలియలేదు. మా ఎదురింటి గోడకు చిలకాకుపచ్చ పడుతున్నంతసేపూ ఆ ఇల్లాలు అదే గోడ మీద పిడకలు కొడుతూ ఉంది.

నా పేరు గున్నమ్మ. నేను వెల్ల వేసే మనిషిని. మా అత్తవారిది సున్నపు బట్టీ. గుల్ల కాల్చడం వాళ్ల పని, ఆ సున్నాన్ని గోడలకెక్కించడం మా ఆయనా నేనూ చేసిన పని. నలభై ఏళ్లు చేశాం. ఇప్పుడు ఆయనా లేడు, నా మోకాళ్లూ లేవు. కానీ ఏ గోడకు ఏ ఏడు ఏ రంగు వేశామో అడగండి, చెబుతాను. ఆఫీసు గోడకు మొదట తెల్లవెల్ల, తర్వాత పసుపు, ఎవరో మంత్రి వస్తున్నాడని ఒకసారి గులాబీ, ఆయన రాలేదని మళ్లీ తెలుపు. ఈ ఊళ్లో మనుషుల పేర్లు మరిచిపోతాను గానీ గోడల ముఖాలు మరిచిపోను.

ఇదంతా ఎలా మొదలైందంటే, పై ఆఫీసు నుంచి మా వెదుళ్లవలసకు ఒక కాగితం వచ్చింది. వర్ణశోభ అని ఒక పథకమట. ప్రతి ఊళ్లోనూ గోడలు కంటికింపైన రంగులతో ఉండాలి, పది రోజుల్లో ఫోటోలు చేరాలి, అన్నిట్లోకీ అందమైన ఊరికి బహుమతి. ఫోటో ఎంత పొడవుండాలో, ఏ మూల ఊరి పేరు రాయాలో ఆ కాగితంలో ఉంది. రంగు ఎవరు వేయాలో మాత్రం లేదు. మా కమిషనరు గంగాధర పట్నాయక్ గారు దాన్ని మూడుసార్లు చదివి, అడిగింది మాత్రమే చేయాలని నిశ్చయించుకున్నారు. అడిగింది ఫోటోలు.

ఆఫీసులో కంప్యూటరు పని చేసే హైమావతిది మా వీధే, మూడో ఇల్లు. అంతకుముందు స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసేది. పట్నాయక్ గారి కూతురి నిశ్చితార్థం ఫోటోల్లో పెచ్చులూడిన కల్యాణమండపం గోడను గులాబీరంగుగా మార్చింది కూడా ఆ పిల్లే. అది ఆయనకు గుర్తుంది.

"అమ్మాయ్, మనిషి వెనకాల ఉన్న గోడనే మార్చగలిగావు. ముందు మనిషే లేని గోడ మార్చడం ఇంకా సులువు కదా" అన్నారట.

సులువేమీ కాలేదు. మొదటిసారి పంపిన ఫోటోలు వారంలో తిరిగొచ్చాయి. మీద ఎర్రసిరాతో ఇలా రాసి ఉంది: "రంగులు అసహజముగా నున్నవి. వాస్తవికత లోపించినది. సరిదిద్ది పంపవలెను."

ఆ మధ్యాహ్నం హైమావతి ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని నా అరుగు మీద కూర్చుంది.

"మామ్మా, ఖాళీగుంటే ఒక గోడ సూసి పెట్టవా?"

"గోడలు సూడ్డం తప్ప నాకు పనేటుందే? ఏ గోడ?"

చూపించింది. మా వీధే.

"ఇదేటమ్మా, గోడలన్నీ తట్టుపోసినట్టు అలగున్నాయి?"

"రంగేసినాను మామ్మా."

"ఎవుర్నడిగి ఏసినావు?"

"కంప్యూటర్లోనేలే. గోడ సుట్టూ గీత గీసి దాన్ని పట్టుకుంటాను. మీద రంగు పొర ఏత్తాను. ఆ పొరని కింద గోడతో గుణించమంటాను. అప్పుడు కింద గరుకూ నీడలూ పైకి కనబడతాయి."

"రంగుని గోడతో గుణిత్తావా?"

"ఆఁ, అదే."

నా చదువు రెండో తరగతితో ఆగింది. కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు. మా పనిలోనూ అవే సరిపోయాయి: పాతది గీకి తీసివేయడం, కొత్తది కలపడం. గుణకారం మొదలయ్యేలోగా మా అమ్మ నన్ను పనిలో పెట్టింది. అయినా గుణించిన తర్వాత కూడా అది గోడలా లేదని మాత్రం నాకు తెలుస్తూనే ఉంది.

"సూడమ్మా, ఏ గోడా పైనుంచి కిందదాకా ఒకే రంగుండదు. సూరు కింద జానెడు మేర వాన తగల్దు, అక్కడ రంగు సిక్కగుంటాది. అడుగున మోకాలెత్తు దాకా మట్టి సిందుతాది, అక్కడ మాసిపోతాది. పడమటి గోడ ముందు ఎలిసిపోతాది. కిటికీ మూలల కింద వాన సార కారతాది. అరుగు మీద కూకున్నోళ్ల తలలు ఆనిన సోట నూనె మరక పడతాది. ఆ మందారం సెట్టుందా, దాని పక్క గోడ తెల్లదైనా సిగ్గుపడ్డట్టుంటాది. నీడలు మాత్రం ముట్టుకోకు. ఎండ ఎటుంటే నీడ అటు కాదు గదా."

హైమావతి పుస్తకం తీసి రాసుకుంది. మూడు రోజులు వచ్చింది, మూడు రోజులూ చెప్పాను. చెప్పొద్దూ, నాకు సంబరంగానే ఉంది. నలభై ఏళ్ల పనిని అంత శ్రద్ధగా ఎవరూ అడిగి రాసుకోలేదు మరి.

మూడో రోజు అంగన్‌వాడీ గోడ దగ్గరికి వచ్చాం. అది వీధివైపు గోడ. దాని మీద గుమ్మం పైనుంచి పునాది దాకా రెండు వేళ్లు పట్టేంత పగులుంది.

"మామ్మా, ఈ పగులుంచీమంటావా, తీసీమంటావా? ఉంచితే నిజంలాగుంటాది."

"పగులు మీద రంగేత్తే పనోడి పరువు పోతాది. ముందు పూడ్సు, తరవాత రంగెయ్యి."

హైమావతి పక్కనున్న గోడ ముక్కను తెచ్చి పగులు మీద అతికించింది. అతుకు ఎక్కడుందో నేను కూడా పట్టుకోలేకపోయాను. "మంచి సేతమ్మా నీది" అని మెచ్చుకున్నాను కూడా. ఆ మాట గుర్తుంచుకోండి. తర్వాత నాకే అది మింగుడుపడకుండా పోయింది.

అంతా అయ్యాక ఫోటోలు మూట కట్టబోతుంటే ఆపాను. "కొత్త గోడకి దిట్టిసుక్క ఎట్టకుండా పంపుతావేటి? ఊరందరి కళ్లూ పడతాయి."

మేం ఏ గోడకు వెల్ల వేసినా చివర్లో కుండ అడుగు మసి వేలికి రాసుకుని గుమ్మానికి కుడిపక్కన ఒక చుక్క పెట్టి గానీ నిచ్చెన దించేవాళ్లం కాదు. హైమావతి నవ్వుకుంటూనే ముప్ఫైనాలుగు గోడలకూ ఆవగింజంత నల్లచుక్క పెట్టింది.

ఈసారి ఫోటోలు తిరిగి రాలేదు. బహుమతి వచ్చింది.

ఆఫీసు ముందు షామియానా వేసి సభ చేశారు. పట్నాయక్ గారు మాట్లాడారు. "ఇది రంగుల విజయం కాదు, సంకల్పం యొక్క విజయం. అనేక పట్టణములు గోడలకు రంగులు వేసినవి. కానీ వాస్తవికతను సాధించినది మన వెదుళ్లవలస ఒక్కటే" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఆయన వెనకాల ఆఫీసు గోడ పెచ్చులు రాలుతూనే ఉంది. బల్ల మీద మాత్రం దాని ఫోటో లేతనీలం రంగులో, చూరు కింద కాస్త చిక్కగా, అడుగున కాస్త మాసి, ఎంతో ముద్దుగా ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఫోటోలకు రికార్డు అని పేరు పెట్టి ఇనప బీరువాలో దాచారు.

తర్వాత వానలు మొదలయ్యాయి. అంగన్‌వాడీ పగులు రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్లయింది. గోడ మధ్యలో కడుపుతో ఉన్న మనిషిలా ముందుకొచ్చింది. దాని కిందే చాప పరిచి పంతొమ్మిది మంది పిల్లలు కూర్చుంటారు. అంగన్‌వాడీ టీచరు దమయంతి అర్జీ రాసి, తోడు రమ్మని నన్ను ఆఫీసుకు తీసుకెళ్లింది.

పట్నాయక్ గారు అర్జీ చదివి బీరువా తెరిపించారు. రికార్డు తీసి చూశారు. మాకూ చూపించారు.

"పగులు ఎక్కడ?"

"గోడకుంది బావూ" అన్నాను.

"రికార్డులో లేదు కదమ్మా."

"రికార్డులో మరి, మేం..." అని ఆగాను. హైమావతి పక్కబల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్లకు ఇద్దరు బిడ్డలు, పర్మినెంటు కాని ఉద్యోగం. నోరు మూసుకున్నాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. దమయంతి నాకు చదివి వినిపించింది: "సదరు గోడ రికార్డు ప్రకారము సుస్థితిలో నున్నది. రికార్డుకు భిన్నముగా గోడ ప్రవర్తించినచో అందుకు గోడయే బాధ్యత వహించవలెను."

"మామ్మా, గోడెలాగ బాద్దెత వహిత్తాది?" అంది దమయంతి.

"పడిపోయి" అన్నాను.

మళ్లీ మళ్లీ తిరిగితే చివరికి ఇంజినీరు లోకనాథం గారిని పంపించారు. ఆయన రికార్డు ఫోటోకు ప్లాస్టిక్ తొడుగు వేయించి తెచ్చారు. గోడకు ఎదురుగా నిలబడి, ఫోటోను చాచిన చేతులతో ముఖం ముందు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశారు.

"బాగానే ఉంది కదా."

"మీరు సూత్తున్నది ఫోటో బావూ. దాన్ని కిందికి దింపండి, ఎనకాల గోడుంది."

"ఫోటో దింపితే దేంతో పోల్చాలమ్మా?" అని ఆయన జాలిగా అడిగారు. "తనిఖీ అంటే పోల్చడమే. మీలాంటి పెద్దవాళ్లకు కంటిచూపు తేడాగా ఉండడం సహజం."

ఆయన వెళ్లాక నేను హైమావతి ఇంటికి వెళ్లాను. బిడ్డలకు అన్నం కలుపుతోంది.

"నువ్వు పూడ్సినావు, నాను పూడ్సమన్నాను. మనిద్దరం కలిసే తియ్యాల. ఆ పగులు ఫోటోలో మళ్లీ ఎట్టీ."

"నా ఉద్యోగం పోతాది మామ్మా."

"వానకి తడిసి కనబడిందని సెప్పు. కొత్త ఫోటో తీసినానని సెప్పు. పగులు మాత్రం అబద్దం కాదు గదా."

ఆలోచించింది. తర్వాత చెయ్యి కడుక్కుని కంప్యూటరు తెరిచింది. "పాత గోడ అడుగు పొరలో అలాగే ఉంది. ప్రతి పొరకీ పక్కన ఒక కన్ను గుర్తుంటాది మామ్మా. పై పొర కన్ను మూసేత్తే సాలు, కిందున్నది కనబడతాది" అంది.

మూసింది. పగులు ఎలా ఉన్నది అలా బయటపడింది. ఇంత చదువుకున్న యంత్రంలో కూడా నిజం కనబడాలంటే ఒక కన్ను మూయాలట.

కొత్త ఫోటో చూసి ఆఫీసు ఉలిక్కిపడింది. పగులు ఇప్పుడు రికార్డులో ఉంది. ఉదయం పదకొండు గంటలకు, "అత్యవసర ప్రాతిపదికన సదరు పగులును తక్షణమే పూడ్చవలెను" అని ఉత్తర్వు వచ్చింది. దమయంతి నన్ను కౌగిలించుకుంది. పన్నెండున్నరకు మరమ్మతు పూర్తయింది. అంటే హైమావతిని పిలిచి మూసిన కన్ను తెరిపించారు. మరమ్మతుకు ముందు, మరమ్మతుకు తర్వాత అని రెండు ఫోటోలు పక్కపక్కన అంటించి, లోకనాథం గారు కింద సంతకం పెట్టారు. మా ఊళ్లో ఏ పనీ గంటన్నరలో పూర్తయిన గుర్తు నాకు లేదు.

ఇక ఆగలేదు నేను. దమయంతితో చెప్పి పంతొమ్మిది మంది పిల్లల్నీ నా అరుగు మీదకు తెచ్చేశాను. పలకలు, బొమ్మలు, గంజిగిన్నె, అన్నీ వచ్చాయి. రెండు రోజులు మా ఇల్లు చిలకల గూడులా ఉంది. మూడో రోజు గుడ్లు రాలేదు. గుడ్ల బండివాడు అంగన్‌వాడీ గుమ్మంలో పెట్టి పోయాడట, అవి కుక్కలు తినేశాయి. మనవరాలి ఈడు పిల్ల ఒకతె, పేరు చిట్టెమ్మ, ఖాళీ పళ్లెం నా ముందు పెట్టి, "మామ్మా, నా గుడ్డు కూడా ఫోటోలో ఉందా?" అని అడిగింది. ఆ పిల్లకు అది వెటకారం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నది.

నాలుగో రోజు దమయంతికి నోటీసు వచ్చింది. సుస్థితిలో ఉన్న భవనాన్ని వదిలి, రికార్డులో లేని అరుగు మీద కేంద్రం నడుపుతున్నందుకు సంజాయిషీ చెప్పాలట. సోమవారం రాష్ట్ర కమిటీ మా ఊరి రంగులు చూడడానికి వస్తోంది. ఆ వేళకు పిల్లలు ఆ భవనంలో, ఆ గోడ పక్కన, యథాస్థానంలో లేకపోతే కేంద్రం ఎత్తేస్తారు, ఆమెను తీసేస్తారు.

"నా పని పోతే పోనీ మామ్మా. కేందరం ఎత్తేత్తే ఈళ్లకి తిండెవరెడతారు?" అంది దమయంతి. కళ్లు తుడుచుకుని, "గోడకి దూరంగా కూకోబెడతాను. ఒక్క పూటే గదా" అంది.

ఒక్క పూటే. గోడలు కూడా ఒక్క పూటలోనే పడతాయి.

కమిటీ వస్తోందనగానే ఆఫీసుకు వేరే దిగులు పట్టుకుంది. వచ్చేవాళ్లు ఫోటోలు చూడరు, గోడలు చూస్తారు. పట్నాయక్ గారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదట. మూడో రోజు వచ్చి అందరినీ సమావేశపరిచి ఇలా అన్నారట: "ఇంతవరకూ ఫోటో గోడను చూపించినది. ఇప్పుడు గోడ ఫోటోను చూపించవలెను. ఇందులో నియమ విరుద్ధమైనది ఏదైనా ఉన్నచో తెలుపగలరు." ఎవరూ తెలుపలేదు.

శనివారం నాటికి ముప్ఫైనాలుగు ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్కో ఇంటి ఫోటోను ఆ ఇంటి అంత చేసి అచ్చు వేయించారు. గోడలకు మేకులు దిగగొట్టి, తాళ్లతో లాగి కట్టారు. గుమ్మం ఉన్న చోట కత్తిరించి దారి వదిలారు. కిటికీలు మాత్రం మూసుకుపోయాయి; ఫోటోలో కిటికీ ఉంది కాబట్టి అసలుది అక్కర్లేదన్నారు. మా ఎదురింటావిడ పిడకలు ఫ్లెక్సీ వెనక ఉండిపోయాయి. పొద్దున్న పదింటికి మా ఇంట్లో దీపం వేసుకుని అన్నం వండుకున్నాను. అన్ని ఇళ్ల ముందూ ఒక బోర్డు కూడా పెట్టారు: "రంగు పచ్చిగా ఉన్నది. ముట్టుకొనరాదు."

అంగన్‌వాడీ గోడకు మేకులు కొడుతుంటే నేను దగ్గరే ఉన్నాను. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా లోపల మట్టి జలజలా రాలుతున్న చప్పుడు వినిపించింది. కొట్టేవాడికి చెప్పాను. "నాకు మేకు సెప్పినారు గానీ గోడ సెప్పలేదే మామ్మా" అన్నాడు. ఫ్లెక్సీ కట్టేశాక పగులు లేదు, కడుపు లేదు. వెన్నరంగులో చక్కటి గోడ నిలబడింది. గుమ్మం పక్కన నా దిష్టిచుక్క ఉంది. కంప్యూటర్లో ఆవగింజంత ఉన్నది, ఇంటంత అయ్యేసరికి గుమ్మడికాయంత అయింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి కమిటీ దిగింది. అయిదుగురు. వాళ్ల అధ్యక్షుడు భారీ మనిషి, మంచి మనిషిలానే కనబడ్డాడు. వీధి మొదటి నుంచీ నడుస్తూ, "అద్భుతం, ఆ చూరు కింద ఛాయ చూడండి, ఆ వాన చారలు చూడండి. ఎంత సహజంగా ఉంది" అంటున్నాడు. నా నలభై ఏళ్ల పనిని ఆయన పొగుడుతుంటే నాకు ఒళ్లు కుంచించుకుపోయింది. ఫోటోలు సాయంత్రం తీసినవి. నీడలన్నీ తూర్పుకు పడి ఉన్నాయి. ఎండేమో తూర్పు నుంచే వస్తోంది. వీధంతా నీడలు ఎండకు ఎదురు నడుస్తుంటే, చూడటానికి వచ్చిన అయిదుగురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అంగన్‌వాడీ దగ్గరికి వచ్చారు. లోపల పిల్లలు స్వాగతం పాట మొదలుపెట్టారు. దమయంతి వాళ్లను గోడకు దూరంగా కూర్చోబెట్టింది. అధ్యక్షుడు గారికి ముచ్చటేసింది.

"పిల్లల్ని బయటికి తీసుకురండమ్మా. ఈ గోడకు ఆనించి వరసగా నిలబెట్టండి. మధ్యలో నేను నిలబడతాను. మంచి ఫోటో వస్తుంది."

దమయంతి నా వైపు చూసింది. ఆమె ముఖం ఫ్లెక్సీ కన్నా తెల్లగా ఉంది. పట్నాయక్ గారు చేతులు ఊపుతూ, "ఊఁ, త్వరగా, త్వరగా" అంటున్నారు. గాలికి ఫ్లెక్సీ ఒకసారి పొంగి తగ్గింది. వెనకాల ఏదో జారింది. మొదటి పిల్ల గుమ్మం దాటింది. చిట్టెమ్మే.

అప్పుడు అధ్యక్షుడు గారు గోడ వైపు తిరిగి, "ఇదేమిటి, ఈ నల్లటి గుర్తు? అన్ని ఇళ్లకూ ఉంది" అన్నారు.

పట్నాయక్ గారు చూశారు. లోకనాథం గారు చూశారు. ఇన్నాళ్లూ ఆ చుక్కను వాళ్లెవరూ చూడలేదు. హైమావతి నేల చూసింది.

దిష్టిచుక్క అని చెబుదామని నోరు తెరిచాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. అయిదేళ్ల కింద మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇదే ఆఫీసు వాళ్లు తారుతో గోడలకు గుండ్రంగా నల్ల గుర్తులు పెట్టారు. మా చెల్లెలి టీ బడ్డీకీ పెట్టారు. నెల తిరగకుండా ఆ గుర్తులున్నవన్నీ నేలమట్టమయ్యాయి. నాకు గోడల ముఖాలే కాదు, వాటి మచ్చలు కూడా గుర్తుంటాయి.

"అది మీ వోళ్ల గుర్తే బావూ" అన్నాను. "పడిపోయే గోడకి ఎడతారు. మెయిన్ రోడ్డులో మా సెల్లి బడ్డీకీ ఎట్టినారు. ఆ గుర్తున్న గోడకి పదడుగుల్లోపల మనిషుండకూడదని అప్పుడు మైకులో సెప్పినారు."

అధ్యక్షుడు గారు పదడుగులు కాదు, పదిహేను అడుగులు వెనక్కి నడిచారు. ఆయన్ను చూసి మిగిలిన నలుగురూ నడిచారు.

"నిజమేనా కమిషనర్ గారూ?"

పట్నాయక్ గారికి రెండే దారులున్నాయి. ఆ గుర్తు ఆఫీసుది కాదంటే, బహుమతి వచ్చిన ఫోటోలో అదెలా వచ్చిందో చెప్పాలి. ఆఫీసుదే అంటే గోడ పడగొట్టాలి. ఆయన ముఖంలో రెండు పొరలు స్పష్టంగా కనబడ్డాయి. చివరికి ఒక పొర కన్ను మూసుకుంది.

"అవును సార్. ప్రజా భద్రత దృష్ట్యా ముందస్తుగా గుర్తింపబడిన కట్టడం. నేడే తొలగింపునకు ఆదేశించుచున్నాను."

"మరి పిల్లల్ని లోపలెందుకు ఉంచారు?" అని అధ్యక్షుడు గారు అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు రికార్డులో లేదు.

చిట్టెమ్మను నా వైపు లాక్కుని, మిగిలిన పిల్లల్ని వెనక గుమ్మం గుండా బయటికి తెచ్చాం. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా దమయంతి లెక్కపెట్టింది, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. మధ్యాహ్నం జేసీబీ వచ్చింది. దాని ఇనప చెయ్యి గోడను తాకనే లేదు. బండి చప్పుడుకే గోడ లోపలికీ బయటికీ కూలింది. పిల్లలు రోజూ కూర్చునే చాప ఇటుకల కింద ఎక్కడుందో తీసేదాకా కనబడలేదు. దుమ్ము అణిగాక చూస్తే కుప్ప మీద ఫ్లెక్సీ పరుచుకుని ఉంది. అందులో గోడకు ఒక్క గీటు కూడా పడలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ నా మాట ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కింది. గుర్తున్న ప్రతి కట్టడమూ తొలగించవలసినదేనని మర్నాడు ముప్ఫైమూడు నోటీసులు తయారయ్యాయి. నాకొకటి వచ్చింది. మా ఎదురింటావిడకొకటి వచ్చింది. "నాయమ్మా గున్నమ్మత్తా, నీ నోరు సల్లగుండా, పిల్లల్ని కాసినావు గానీ నా కొంప తీసినావు" అంది ఆవిడ, కోపంగా కాదు, నోటీసు మీద పిండి ఆరబోస్తూ. ముప్ఫైమూడో నోటీసు నగర పంచాయతీ ఆఫీసుకే వచ్చింది. దాన్ని పట్నాయక్ గారు తన సంతకంతో తనకే పంపుకుని, అందినట్టు తనే సంతకం పెట్టారు. తాను నెల రోజుల్లో ఖాళీ చేయాలని చదివాక గానీ ఆయనకు విషయం పూర్తిగా అర్థం కాలేదు.

హైమావతిని పిలిపించారు. ఫ్లెక్సీలు విప్పేశారు; ఒక్క మధ్యాహ్నంలో రికార్డులో ముప్ఫైమూడు గోడల మీది చుక్కలూ, వాటితో పాటు నోటీసులూ మాయమయ్యాయి. ఒక్క చుక్క కింద పడలేదు.

అంగన్‌వాడీ గోడ మాత్రం కమిటీ ముందు ఒప్పుకున్నది కాబట్టి నిజంగానే కట్టవలసి వచ్చింది. ఇటుకలతో, సిమెంటుతో, చేతులతో కట్టారు. అందుకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పిల్లలు నా అరుగు మీదే ఉన్నారు. గుడ్లు కూడా దారి తెలుసుకుని అక్కడికే వచ్చాయి. వెల్ల నేనే వేస్తానన్నాను. మోకాళ్లు వద్దన్నాయి. హైమావతి నిచ్చెన పట్టుకుంది, దమయంతి సున్నం కలిపింది, కాస్త నీలిమందు వేసి తెల్లగా తేల్చాను. కింద గచ్చు మీద చుక్కలే చుక్కలు. మా ముగ్గురి చీరలు కూడా పాడయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత నాకు ఆ రాత్రి ఒళ్లు నొప్పులతో నిద్ర పట్టింది.

చివర్లో అలవాటుగా కుండ అడుగు మసి వేలికి రాసుకుని గుమ్మం కుడిపక్కకు వెళ్లాను. వేలు గోడకు తాకబోతుండగా ఆగాను. ఈ ఊళ్లో చుక్క పెడితే ఇక ఏ ఆఫీసు ఏ అర్థం తీస్తుందో ఎవరికి తెలుసు? వెనక్కి తిరిగాను. పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. చిట్టెమ్మతో మొదలుపెట్టి పంతొమ్మిది బుగ్గలకూ పెట్టాను.

కొత్త గోడ ఫోటో తీసి పై ఆఫీసుకు పంపమన్నారు. హైమావతి తీసింది. ఏ పొరా వేయలేదు, దేంతోనూ గుణించలేదు. ఉన్నది ఉన్నట్టు పంపింది. వారంలో తిరిగొచ్చింది. దాన్ని పట్టుకుని మళ్లీ నా అరుగు మీద కూర్చుంది.

"మామ్మా, సదువుతాను ఇను. 'రంగు అసహజముగా నున్నది. వాస్తవికత లోపించినది. సరిదిద్ది పంపవలెను.' ఇప్పుడేటి సెయ్యమంటావు?"

ఫోటో తీసుకుని చూశాను. వాళ్లు అన్నదీ తప్పు కాదు. చూరు కింద ఛాయ లేదు, అడుగున మట్టి చిందు లేదు, ఆనిన తలల మరకలు లేవు. పచ్చి వెల్ల అలాగే ఉంటుంది.

"ఏటీ సెయ్యకు" అన్నాను. "మూడు వానలు కురవనీ. పిల్లలు నాలుగు రోజులు ఆనుకుని కూకోనీ. దానంతటదే నిజమవుతాది."